కోశాక తేలే తూకం

చేపను తూచేది కోయకముందు, వండేది కోశాక. పొలుసు, మొప్పలు, పేగులు పోగా ఏ చేపలో ఎంత మిగులుతుందో చూడకుండా కిలో ధరను బట్టి ఇది చవక, అది ప్రియం అనడం సరికాదు.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో శీలావతి, బొచ్చె కలిసే పెరుగుతాయి. నీరు ఒకటే, వేసే తవుడు, చెక్క ఒకటే. శరీరాల తీరు మాత్రం వేరు. బొచ్చె పైనీటిలో తిరుగుతూ కంటికి ఆనని జీవులను మొప్పలతో వడగట్టుకుని తింటుంది. అందుకే దానికి పెద్ద నోరు, పెద్ద మొప్పలు, వాటికి తగ్గ తల. ఒంటి బరువులో దాదాపు పావు వంతు తలదే. నడినీటిలో మేసే శీలావతికి తల చిన్నది, ఒళ్లు నిడుపు. ఒకే బరువున్న రెండింటినీ కోస్తే నడుమ ముక్కలు శీలావతికే ఎక్కువ పడతాయి.

అంతమాత్రాన బొచ్చెను తీసిపారేయలేం. దాని తలను రెండుగా చీల్చి మొప్పలు తీసేస్తే చెంపల్లో, కంటి వెనక, మెడ మొదట్లో మెత్తని కండ, కొవ్వు కనిపిస్తాయి. తలను పులుసు పెట్టుకునే ఇంటికి అది లాభం, పారేసే ఇంటికి నష్టం.

తిలాపియా, పంగాసియస్‌ల సంగతి ఇంకోలా ఉంటుంది. కిలో తిలాపియాలో తోలు, ముల్లు తీసేసిన మాంసం మూడో వంతుకు అటూఇటూగా దక్కుతుంది. పంగాసియస్‌కు పొట్ట కొవ్వు, ఎర్రకండ కూడా చెక్కేస్తే అదీ ఇంచుమించు అక్కడికే వస్తుంది. వాటా తక్కువే, కానీ దక్కినదంతా తినేదే. శీలావతి తోక ముక్క విప్పి చూడండి: కండల మధ్య చీలిన కొసలతో సన్నముళ్లు వరుసగా ఉంటాయి. కత్తికి అందవు, వేలితో ఏరుకోవాల్సిందే. అపోలో ఫిష్ వేయించే హోటళ్లు పంగాసియస్ వైపు మొగ్గడానికి, పిల్లలు శీలావతి అంటే జంకడానికి ఇదే కారణం. కొరమీనుకు ఈ సన్నముళ్ల బెడద లేదు, రుచికీ తిరుగులేదు. ధరే అందనివ్వదు.

నా తీర్పు ఇది. తలతో సహా వండుకునే ఇంటికి బొచ్చె, ముక్కల పులుసుకు శీలావతి, వేపుడుకూ పసిపిల్లల పళ్లేనికీ పంగాసియస్. వీటన్నిటినీ ఒకే అంకెతో కొలిస్తే ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది. తల్లిచేపల ఎంపికకూ ఇదే వర్తిస్తుంది. 1997లో భువనేశ్వర్ దగ్గరి కేంద్ర చేపల పరిశోధన సంస్థ విడుదల చేసిన జయంతి రోహు వేగంగా ఎదిగేలా ఎంపిక చేసిన శీలావతి రకం. రైతుకు అది మేలే. ఇకపై తల్లిచేపలను ఎంచేటప్పుడు తల ఎంత, కండ ఎంత, ముల్లు ఎంత అన్నదీ చూడాలి. చెరువులో పెరిగిన బరువు కొనేవాడి కంచంలోకీ చేరాలంటే దారి అదే.