లాగిన్ కాకముందే నెట్ రావాలి

కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ ఆన్ కాగానే, ఎవరూ కీబోర్డు ముట్టకుండానే నెట్ కలవాలి. ఎవరికి లినక్స్ ఎక్కించి ఇచ్చినా నేను ముందు చూసేది ఇదే. బడికో, గ్రంథాలయానికో ఇచ్చే మిషనైతే మరీ పట్టుబట్టి చూస్తాను. పొద్దున్నే వచ్చి స్విచ్ వేసే మనిషికి నెట్‌వర్క్ సెట్టింగులతో పనేముంది?

ఉబుంటు, ఫెడోరా, మింట్... ఏది ఎక్కించినా డెస్క్‌టాప్‌లో ఈ సంగతి చూసుకునేది నెట్‌వర్క్‌మేనేజర్. రెడ్‌హ్యాట్ 2004లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. దాని సెట్టింగుల్లో 'ఆటోమేటిక్‌గా కనెక్ట్ కావాలి' అన్న చోట టిక్కు మామూలుగా ముందే ఉంటుంది. అయినా కొన్ని మిషన్లలో లాగిన్ అయ్యేదాకా వైఫై రాదు. అప్పుడు చూడాల్సింది ఇంకో టిక్కు: ఈ కనెక్షన్ అందరికీనా, ఒక్క యూజర్‌కేనా?

ఒక్కరికే అయితే వైఫై పాస్‌వర్డ్ ఆ యూజర్ కీరింగ్‌లో దాగి ఉంటుంది. లాగిన్ పాస్‌వర్డ్ కొడితేనే కీరింగ్ తెరుచుకుంటుంది. ఆటో లాగిన్ పెట్టినా లాభం లేదు. డెస్క్‌టాప్ వచ్చాక కీరింగ్ తెరవమంటూ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. తాళంచెవులు కొంగున కట్టుకుని ఊరెళ్లిపోయి, ఇంట్లోవాళ్లను బీరువా తీయమన్నట్టుంటుంది వ్యవహారం.

'అందరికీ' అని టిక్కు పెట్టామంటే పాస్‌వర్డ్ సిస్టమ్ చేతికి వస్తుంది. మామూలుగా ఈటీసీ డైరెక్టరీలో, నెట్‌వర్క్‌మేనేజర్ కింద సిస్టమ్-కనెక్షన్స్ అనే ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలుగా కూర్చుంటుంది. దాని పర్మిషన్ 600, అంటే రూట్ తప్ప ఇంకెవరూ చదవలేరు. పర్మిషన్ సడలిస్తే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ ఫైలును అసలు లెక్కలోకే తీసుకోదు. అయితే లోపల పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. డిస్క్ ఊడదీసి ఇంకో మిషన్‌కు తగిలిస్తే ఎవరైనా చదివేయొచ్చు. అందుకే ఊళ్లు తిరిగే ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ కీరింగ్‌లోనే ఉంచమంటాను, లేదా డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయమంటాను. ఒకే గదిలో పదిమందీ వాడే డెస్క్‌టాప్‌లో మాత్రం సిస్టమ్ చేతికే ఇవ్వాలి. ఏ మిషన్ ఎవరి కోసమో తెలుసుకోకుండా ఈ టిక్కు పెట్టకూడదు.

కేబుల్ పెట్టిన చోట పాస్‌వర్డ్ గొడవ ఉండదు కానీ ఇంకో చిక్కుంది. కరెంటు రాగానే కంప్యూటరూ రూటరూ ఒకేసారి ఆన్ అవుతాయి. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ చకచకా సిద్ధమై ఐపీ అడ్రస్ అడుగుతుంది. రూటర్ ఇంకా పూర్తిగా లేచి ఉండదు. నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా 4 సార్లు ప్రయత్నించి, ఆపైన కాసేపు ఊరుకుంటుంది. ఆ కాసేపట్లోనే 'నెట్ రావట్లేదు' అని ఫోన్ వస్తుంది. ఆటోకనెక్ట్-రీట్రైస్ అనే సెట్టింగులో సున్నా పెడితే దొరికేదాకా విడవకుండా అడుగుతూనే ఉంటుంది.

ఇవన్నీ సరిచేశాక పరీక్ష ఒకటే. కీబోర్డు, మౌస్ పీకేసి, రూటర్‌కూ కంప్యూటర్‌కూ కలిపి మెయిన్ కట్టేసి, మళ్లీ వేయాలి. కరెంటు రాగానే దానంతటది ఆన్ కావాలంటే బయోస్‌లోనూ ఆ సంగతి చెప్పి ఉండాలి. తెర మీద లాగిన్ పేజీ ఉండగానే పక్క కంప్యూటర్ నుంచి పింగ్ కొట్టి చూడాలి. జవాబొస్తేనే పని పూర్తయినట్టు. మనం లాగిన్ అయి, బ్రౌజర్ తెరిచి చూసిన పరీక్ష ఇక్కడ చెల్లదు. మన వేళ్లే ఆ తాళం తీసేసి ఉంటాయి.

ఈ పని చేయకుండా వచ్చేస్తే నష్టం సెట్టింగు దగ్గర ఆగదు. నాలుగు రోజులు నెట్ మొండికేసిందంటే 'లినక్స్ మనకు సరిపడదు' అని మిషన్‌ను మూలన పెట్టేస్తారు. పిల్లలకు అందాల్సిన కంప్యూటర్ ఒక్క టిక్కు లేక మూలన పడకూడదు. ఆ టిక్కు పెట్టి, పరీక్షించి, అప్పుడే చేతులు కడుక్కోవడం లినక్స్ ఎక్కించినవాడి బాధ్యత.