కేయాస్ గ్రాఫులు – సాఫ్ట్‌వేర్ పాఠాంతరాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గణిత ప్రమేయాలలోని కేయాస్ ప్రవర్తనను గ్రాఫుగా చూపే సాధనాలకు నేడు కొరత లేదు. డెస్మాస్, జియోజీబ్రా, పైథాన్‌తో పనిచేసే మాట్‌ప్లాట్‌లిబ్ మొదలైనవి పరిశోధకులకు సులభంగా లభిస్తున్నాయి. వీటిలో ఏది అందంగా గీస్తుందన్న ప్రశ్నకంటే, గీసిన చిత్రంలో ప్రమేయానిది ఎంత, సాధనానిది ఎంత అన్న ప్రశ్న మౌలికమైనది. గ్రాఫును ఆధారంగా స్వీకరించే ముందు ఆ భేదాన్ని ఎలా గుర్తించాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. సాధనం కల్పించే రూపం

1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ నమూనాను మధ్యనుంచి తిరిగి నడుపుతూ 0.506127కు బదులు 0.506 అన్న విలువను ఇచ్చాడు. కొంతసేపటికి పాత ఫలితానికీ కొత్త ఫలితానికీ పోలిక లేకుండా పోయింది. ప్రారంభంలోని స్వల్పభేదం ఇలా పెరిగిపోవడం కేయాస్ ప్రధాన లక్షణం. కంప్యూటర్ సంఖ్యలను పరిమిత స్థానాలకు కుదిస్తుంది కనుక అటువంటి భేదం గణనలోనే పుడుతుంది.

ఒక ఉదాహరణ. సంఖ్యను రెట్టింపు చేసి పూర్ణాంక భాగాన్ని తొలగించే ప్రమేయం కేయాస్‌కు ప్రసిద్ధ నమూనా. 0.1తో మొదలుపెడితే 0.2, 0.4, 0.8, 0.6, మళ్లీ 0.2 వస్తాయి. ఈ చక్రం ఎన్నటికీ ఆగదు. పైథాన్‌లోని సాధారణ దశాంశ గణనలో మాత్రం 55వ ఆవృత్తికి విలువ సున్నా అవుతుంది. ఆపై గ్రాఫు నిశ్చలమైన సరళరేఖ. 0.1కు ద్విసంఖ్యామానంలో అంతం లేదు. కంప్యూటర్ దాన్ని కత్తిరించి దాచుకుంటుంది. దాచిన అంకెలు రెట్టింపుతో ఒక్కొక్కటిగా ఖర్చవుతాయి. ఆ సున్నా ప్రమేయ స్వభావం కాదు, సాధనం పరిమితి.

3. పాఠపరిష్కరణ దృష్టి

ఒకే తాళపత్ర ప్రతిని నమ్మి పరిష్కర్త పాఠనిర్ణయం చేయడు. ప్రతులను పోల్చి, ఏది కవిదో ఏది లేఖకుడిదో విచారిస్తాడు. గ్రాఫులకూ ఆ పద్ధతి వర్తిస్తుంది. పైథాన్‌కు చెందిన ఎంపీమాథ్‌లో 0.1ను 100 అంకెల కచ్చితత్వంతో ఇస్తే పై సున్నా 300 ఆవృత్తులు దాటిన తరువాతే కనిపిస్తుంది. కచ్చితత్వాన్ని మార్చగానే స్థానం మారేది లేఖకదోషం వంటిది. 1/10ని భిన్నంగానే ఉంచి గణిస్తే అసలు చక్రం నిలుస్తుంది.

4x(1-x), 4x-4x² బీజగణితంలో ఒక్కటే. అయినా సాధారణ కచ్చితత్వంతో పునరావృత్తి చేస్తే సుమారు 50, 60 ఆవృత్తులకు వాటి విలువలు వేరుపడతాయి. అక్కడినుంచి ఏ ఒక్క బిందువునూ ప్రమాణంగా స్వీకరించలేము. అయితే వేల బిందువులను లెక్కిస్తే, 0, 1 అంచుల దగ్గర అవి ఎక్కువగా గుమిగూడే తీరు రెండింటిలోనూ కనిపిస్తుంది. పాఠాంతరాలన్నిటా నిలిచిన ఈ అంశం విశ్వసనీయం.

4. ముగింపు

చిత్రాన్ని త్వరగా చూడడానికి డెస్మాస్, జియోజీబ్రా చాలు. నిరూపణకు ఆధారంగా చూపదలచినప్పుడు మాత్రం కచ్చితత్వాన్ని మార్చే వీలున్న సాధనమే తగినది. సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు ప్రారంభవిలువ, ఆవృత్తుల సంఖ్య, కచ్చితత్వం పేర్కొనని గ్రాఫు, ప్రతివివరం లేని ఉల్లేఖనంతో సమానం. చూడడానికి అది బాగుండవచ్చు కాని, పరీక్షకు నిలవదు.