ఒక్కో షరతు వెనుక ఒక ఇల్లు

సూళ్లూరుపేటలో ఎనిమిదో తరగతి ముగించిన ఆడపిల్ల బీటెక్ పట్టా అందుకోవాలంటే ఇంకా ఎనిమిదేళ్లు చదవాలి. ఆ ఎనిమిదేళ్లలో చదువు తెగిపోయే చోట్లు ముఖ్యంగా మూడు. హైస్కూల్లో పై తరగతులకు వెళ్లేటప్పుడు ఒకటి, పది పాసయ్యాక ఒకటి, ఇంటర్ అయి ఇంజినీరింగ్ కాలేజీ గడప తొక్కేటప్పుడు మరొకటి. మూడు చోట్లా ఇంట్లో నడిచే చర్చ ఒకటే: డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి, తెచ్చింది ఎవరి చదువు మీద పెట్టాలి. పులికాట్ మీద వేటకు వెళ్లే ఇంట్లోనైనా, శ్రీసిటీ కంపెనీ బస్సెక్కే ఇంట్లోనైనా, కాళంగి పక్కన కాస్త పొలం చేసుకునే ఇంట్లోనైనా ఈ లెక్క తప్పదు.

ఆ చోట్ల పిల్లను నిలబెట్టడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఎంత ఇస్తారు, ఎప్పుడు పడుతుంది అన్న రెండు ప్రశ్నలు అడిగి మనం ఊరుకుంటాం. నిబంధనల కాగితాలు ముందు పెట్టుకుని, ఈ వాక్యం ఎందుకు రాశారు, ఇది లేకపోతే ఏ పిల్ల జారిపోతుంది అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే అందులో చాలా నేర్పు కనిపిస్తుంది. ఒక మంచి నిబంధనకు వెనకాల, దాన్ని రాసినవారు మనసులో పెట్టుకున్న ఇల్లు ఒకటి ఉంటుంది.

మొదటి మెట్టు ఎన్‌ఎంఎంఎస్. జాతీయ ఉపకార వేతనం కమ్ ప్రతిభ పరీక్ష అని బళ్లో పిలుస్తారు. 2008లో మొదలైంది. ఆడపిల్లలకే అని లేదు, అబ్బాయిలకూ ఉంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష పెడతారు. ప్రశ్నపత్రాలు రెండు: ఆలోచనాశక్తిని చూసేది ఒకటి, పాఠాల మీద ఒకటి, చెరి 90 మార్కులకు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు. 2017కు ముందు ఇది 6,000 ఉండేది. ఇందులో నాకు నచ్చేది పరీక్ష పెట్టే సమయం. సాయం తొమ్మిదిలో మొదలవుతుంది, ఎంపిక మాత్రం ఎనిమిదిలోనే అయిపోతుంది. పిల్లను బడి మాన్పించాలా అని ఇంట్లో మాట వచ్చే వేళకే ఆమె పేరున డబ్బు వస్తుందన్న కబురు చేరి ఉంటుంది. పైగా ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకోరు. పదిలో 60 శాతం తెచ్చుకుంటేనే ఇంటర్‌కు కొనసాగుతుంది, ఎస్సీ ఎస్టీలకు 55 శాతం. నాలుగేళ్లూ సాయం ఉంటుంది, నాలుగేళ్లూ చదువు మీద కన్ను ఉంటుంది.

అదే 2008లో ఆడపిల్లల కోసం మరో కేంద్ర పథకం మొదలైంది. ఎస్సీ ఎస్టీ బాలికలు, కస్తూర్బా విద్యాలయాల్లో చదివిన బాలికలు తొమ్మిదిలో చేరితే వాళ్ల పేరున 3,000 రూపాయలు ఫిక్సెడ్ డిపాజిట్ వేసేవారు. పది పాసై, పద్దెనిమిదేళ్లు నిండాకే తీసుకోవాలి. బాల్యవివాహానికి అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన ఆ రెండు షరతుల్లోనే ఉంది. పథకం ఇప్పుడు లేదు. మొత్తం చిన్నది, కానీ ఆలోచన మాత్రం చాలా లోతైనది.

పది తర్వాత దారి రెండుగా చీలుతుంది. పాలిసెట్ రాసి డిప్లొమాకు వెళ్లడం ఒకటి, ఇంటర్ చేసి ఈఏపీసెట్ రాయడం రెండోది. ఈ రెంటికీ మధ్యలో 2008లోనే రాష్ట్రం ఇంకో దారి వేసింది. మన వాడుకలో ట్రిపుల్ ఐటీ అనే ఆర్‌జీయూకేటీ. పదో తరగతి మార్కుల మీదే సీటు, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, ఆరేళ్లూ ఒకే చోట. మన వైపు పిల్లలు వెళ్లగలిగే వాటిలో కడప జిల్లా ఇడుపులపాయ ఒకటి. ఇక్కడి ఎంపికలో ప్రభుత్వ బళ్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. వసతుల్లేని బడిలో తెచ్చుకున్న మార్కు, వసతులున్న చోట తెచ్చుకున్న మార్కు ఒకే బరువువి కావన్న సంగతిని ఇంత చిన్న అంకెలో పెట్టారు. కోచింగ్ ఖర్చు అడగని ప్రవేశం కావడం ఆడపిల్లలకు పెద్ద ఊరట. కోచింగ్‌కు డబ్బు కట్టాల్సి వచ్చిన ఇంట్లో మొదట కట్టేది అబ్బాయికే అన్నది మనకు తెలియని విషయం కాదు.

అసలు తీరుబడిగా చూడవలసినది ప్రగతి స్కాలర్‌షిప్. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, 2014-15లో దీన్ని మొదలుపెట్టింది. ఇంజినీరింగ్ వంటి సాంకేతిక కోర్సుల్లో చేరే ఆడపిల్లలకే ఇది. ఈ పథకం మొదటి రూపాన్నీ తర్వాతి రూపాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒక వస్తువును వాడి చూసి లోపం పట్టుకుని మళ్లీ చెక్కినట్టు అర్థమవుతుంది.

మొదట్లో ఇచ్చిన లెక్క ఇది: ట్యూషన్ ఫీజు కింద 30,000 లేదా అసలు ఫీజు, ఏది తక్కువైతే అది, పైఖర్చులకు నెలకు 2,000 చొప్పున పది నెలలు. కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ ఆలోచించండి. ఫీజు తక్కువగా ఉండే ప్రభుత్వ కాలేజీలో సీటు తెచ్చుకున్న పిల్లకు డబ్బు తగ్గిపోతుంది. ఎక్కువ మార్కులు తెచ్చుకుని ప్రభుత్వ సీటు సంపాదించినందుకు ఆమె నష్టపోతుంది. తర్వాత ఈ రెండు భాగాలనూ కలిపేశారు. ఇప్పుడు ఏడాదికి 50,000 రూపాయలు, ఒకే మొత్తం. ఫీజుకు వాడుకోవచ్చు, కంప్యూటరు కొనుక్కోవచ్చు, పుస్తకాలకూ పరికరాలకూ సాఫ్ట్‌వేర్‌కూ వాడవచ్చు. హాస్టల్‌కనో వైద్యానికనో అదనంగా ఏమీ రాదు, అంతా ఈ యాభై వేలలోనే. ఏ అవసరం ముందు, ఏది వెనక అన్నది ఆ అమ్మాయే తేల్చుకుంటుంది. పద్దెనిమిదేళ్ల ఆడపిల్లకు తన చదువు ఖర్చు తానే నిర్ణయించుకునే అధికారం ఇచ్చిన ఈ మార్పు నా దృష్టిలో పథకం మొత్తానికీ మేలైన పని.

రెండో మార్పు ఇంకా సూక్ష్మమైనది. తొలినాళ్లలో ఇంటికి ఒక్క ఆడపిల్లకే ఇచ్చేవారు. తర్వాత ఇద్దరికి పెంచారు. సాయం ఒక్కరికే అన్నప్పుడు, ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో చెల్లెలు చేరే ఏడాదికి ఆ వాటా అక్క పేరున అయిపోయి ఉంటుంది. అక్క చదువుకున్నందువల్ల చెల్లికి దారి మూసుకుపోకూడదన్న పట్టింపు ఈ సవరణలో ఉంది.

పులికాట్‌లో వల అల్లేవాళ్లు ఏ చేప కోసమో తేల్చుకున్నాకే కన్ను కొలత పెడతారు. ఆదాయ పరిమితి కూడా అలాంటి కొలతే. ప్రగతిలో అది మొదట ఏడాదికి 6 లక్షలు, ఇప్పుడు 8 లక్షలు. ఈ కొలత విలువ తెలియాలంటే రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పక్కన పెట్టి చూడాలి. అది ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు. సూళ్లూరుపేట బజారు వీధిలో చిన్న దుకాణం నడుపుకునే ఇల్లు, ఇద్దరూ కంపెనీ ఉద్యోగం చేసే ఇల్లు ఆ గీత దాటేస్తాయి. దాటినంత మాత్రాన నాలుగేళ్ల బీటెక్ ఫీజు భరించే స్తోమత వచ్చేయదు. రాష్ట్ర సాయం ఆగిన చోటునుంచి 8 లక్షల దాకా ఉన్న ఈ మధ్య ఇళ్లకు ప్రగతి సరిగ్గా అతుకుతుంది. ఒక ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటూ దీన్నీ తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు కాబట్టి, రెంటికీ అర్హత ఉన్నవాళ్లు కాలేజీ ఫీజు ఎంతో చూసుకుని ఏది లాభమో ముందే లెక్క వేసుకోవాలి.

దేశం మొత్తం మీద ఏటా డిగ్రీ కోర్సులకు 5,000, డిప్లొమాకు 5,000 కొత్త స్కాలర్‌షిప్పులు. వీటిని రాష్ట్రాలవారీగా పంచుతారు. లేకపోతే కాలేజీలు ఎక్కువున్న నాలుగైదు రాష్ట్రాలే అన్నీ పట్టుకుపోతాయి. ఈశాన్యంలోని పలు రాష్ట్రాలు, జమ్మూ కశ్మీర్, లడఖ్, అండమాన్ వంటి 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో అర్హత ఉన్న ప్రతి అమ్మాయికీ ఇస్తారు, అక్కడ పరిమితి లేదు. మిగతా చోట్ల ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం. ఎంపిక మార్కుల మీద: బీటెక్‌కు ఇంటర్ మార్కులు, డిప్లొమాకు పది మార్కులు. హైస్కూలు పిల్లలు ఇక్కడ ఆగి చూసుకోవాలి. పాలిటెక్నిక్‌కు వెళ్లే అమ్మాయికి పదో తరగతి మార్కుల జాబితాయే స్కాలర్‌షిప్ పరీక్ష. వేరే పరీక్ష ఏదీ ఉండదు. డిప్లొమాకు మూడేళ్లు, బీటెక్‌కు నాలుగేళ్లు, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాది బీటెక్‌లో చేరితే మూడేళ్లు. అంటే నాలుగేళ్లకు రెండు లక్షల రూపాయలు. పై తరగతికి వెళ్లినట్టు కాలేజీ పెద్దలు ధ్రువీకరిస్తే ఏటా రెన్యువల్ అవుతుంది, వెళ్లకపోతే ఆగిపోతుంది.

ఇక దరఖాస్తు నడిచే తీరు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు ఒకసారి నమోదు చేసుకోవాలి. ఆధార్ ఆధారంగా 14 అంకెల నంబరు వస్తుంది, చదువు ముగిసేదాకా అదే నంబరు. దరఖాస్తు మొదట కాలేజీకి వెళ్తుంది, తర్వాత రాష్ట్ర స్థాయి అధికారికి. పరిశీలించేవారి ముందు మూడు మీటలుంటాయి: ఆమోదం, లోపం, తిరస్కారం. ఈ మధ్యలోని మీటను ఎవరు ఆలోచించారో వారికి దండం పెట్టాలి. ఆదాయ ధ్రువపత్రం పాతదైనా, మార్కుల జాబితా మసకగా ఉన్నా దరఖాస్తును చంపేయనక్కర్లేదు. లోపం అని వెనక్కి పంపితే గడువులోగా సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. తిరస్కారం నొక్కితే ఆ ఏడాదికి అంతే. కాలేజీలో ఆ కంప్యూటరు ముందు కూర్చున్న గుమస్తా ఏ మీట నొక్కుతాడన్న దాని మీద ఒక ఇంట్లో ఏడాది ఫీజు ఆధారపడి ఉంటుంది.

డబ్బు పడేది అమ్మాయి సొంత ఖాతాలో, ఆధార్‌కు అనుసంధానమైన ఖాతాలో. ఇక్కడ మన తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్కోసారి ఇనీషియల్‌గా మిగులుతుంది, ఒక్కోసారి పేరు చివరికి పోతుంది. బ్యాంకులో మూడో రకం. మనిషి చూస్తే ముగ్గురూ ఒక్కరేనని తెలిసిపోతుంది. యంత్రం మాత్రం అక్షరం అక్షరం పోల్చుతుంది. ఇంత జాగ్రత్తగా అల్లిన పథకం తెగేది ఎక్కువగా ఈ పోగు దగ్గరే.

డబ్బు ఒక్కటే ఉంటే చాలదు, సీటూ ఉండాలి. రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు ఆడపిల్లలకు. ఐఐటీల్లో 2018 నుంచి వేరే పద్ధతి పెట్టారు. ఉన్న సీట్లలోంచి కోయకుండా, పైన అదనంగా సీట్లు కలిపారు. మొదట ఆడపిల్లల వాటా 14 శాతానికి తెచ్చి, ఏటా పెంచుతూ 2020 నాటికి 20 శాతం చేశారు. అబ్బాయిల సీటు ఒక్కటీ తగ్గలేదు. ఏర్పేడు దగ్గరున్న తిరుపతి ఐఐటీకీ ఇదే వర్తిస్తుంది.

ఇదంతా లేని కాలం ఎలా ఉండేదో చెప్పడానికి ఒక తెలుగింటి కథ చాలు. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, అనుమతి తెప్పించి, కూతుర్ని చేర్పించారు. ఆమె 1943లో చదువు పూర్తిచేసి, దేశంలో తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరయ్యారు. అప్పటి డిగ్రీ పత్రంలో పురుషుణ్ణి సూచించే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి స్త్రీకి తగినట్టు కలంతో దిద్ది ఇచ్చారట. అమ్మాయి వస్తుందని ఊహించని కాగితం అది. ఆ తండ్రి ఒక్కడు తన హోదాతో, పట్టుదలతో చేసిన పనిని, అలాంటి తండ్రి లేని వేలమంది కోసం నిబంధనల్లోకి తేవడమే ఈ పథకాలు చేస్తున్నది.

సూళ్లూరుపేట పిల్లలకు ఇంకొకటి గుర్తు చేయాలి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి రాకెట్‌లో ఆజాదీశాట్ అనే ఎనిమిది కిలోల ఉపగ్రహం ఉంది. అందులోని 75 చిన్న పరికరాలను దేశంలోని 75 ప్రభుత్వ బళ్లకు చెందిన 750 మంది ఆడపిల్లలు తయారుచేశారు. ఆ ప్రయోగం కక్ష్య తప్పింది. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది. మన మిద్దెల మీంచి కనిపించిన ఆ నిప్పుల గీత చివర హైస్కూలు అమ్మాయిల పనితనం ఉంది.

హైస్కూలు టీచర్లకు ఒక విన్నపం. ఎనిమిదో తరగతిలో ఉండగానే ప్రతి ఆడపిల్ల చేత ఎన్‌ఎంఎంఎస్ రాయించండి. పది పరీక్షల నామినల్ రోల్స్ పంపే ముందే బడి రికార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మూడూ బల్ల మీద పెట్టించి, ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం సరిపోల్చి చూడండి. తేడా ఉంటే వేసవి సెలవుల్లోనే మీసేవకో ఆధార్ కేంద్రానికో పంపి దిద్దించండి. కాలేజీలో చేరాక దిద్దించుకుందామంటే దరఖాస్తు గడువు ఆగదు.