యుద్ధకాలపు తెలుగు పత్రికల సేకరణ: ఒక విమర్శ

సారాంశం: యుద్ధవార్తలున్న పాత పత్రికలను సేకరించేవారు సాధారణంగా ప్రసిద్ధ ఘటనల సంచికలకే విలువ ఇస్తారు. ఈ ఎంపిక పరిశోధకుణ్ణి పక్కదారి పట్టించగలదు. విడి వార్త కాక పూర్తి సంచిక, ఒక్క సంచిక కాక సంచికల వరుస సేకరణకు ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత పత్రికలు, యుద్ధవార్తలు, సేకరణ, సెన్సారు, పత్రికాకాగితం.

1. ప్రస్తావన

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ‘ఆంధ్రపత్రిక’ 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1938లో ‘ఆంధ్రప్రభ’ మొదలైన మరుసటి ఏడే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ఈ రెండు దినపత్రికల తొలినాళ్లూ యుద్ధకాలంలోనే గడిచాయి. కాబట్టి ఆనాటి సంచికలు యుద్ధచరిత్రకు మాత్రమే కాక, తెలుగు వార్తారచన ఎదుగుదలకు కూడా ఆధారాలు.

2. ఘటన - వరుస

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ మరునాటి సంచికల కోసం సేకర్తలు వెదకడం సహజమే. కానీ వాటినే చదివినవారికి ఆ దాడి హఠాత్తుగా వచ్చిపడినట్లు తోస్తుంది. అదే ఏడు ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను జపాను వశమయ్యాయి. బర్మాలో పనిచేస్తున్న తెలుగువారెందరో ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని స్వదేశానికి బయలుదేరారు. తీరాంధ్రకు యుద్ధం ఎలా చేరువైందో, అందులో ఎంత అచ్చుకెక్కిందో తెలియాలంటే ఆ రెండు నెలల సంచికలనూ వరుసగా చూడాలి. పెద్ద శీర్షిక లేదని పక్కన పెట్టిన సంచికలే ఇక్కడ అవసరమవుతాయి.

3. మౌనమూ ఆధారమే

అచ్చయినదే యుద్ధవార్త అనుకోవడం మరో పొరపాటు. 1939 నాటి భారత రక్షణ నిబంధనలు పత్రికలపై కట్టుదిట్టమైన ఆంక్షలు విధించాయి. విదేశీ యుద్ధవార్తలకు మన పత్రికలు ప్రధానంగా రాయిటర్ వంటి ఆంగ్ల వార్తాసంస్థలపై ఆధారపడ్డాయి. అందువల్ల ఒక వార్త కనిపించకపోవడానికీ, ఆలస్యంగా కనిపించడానికీ కూడా అర్థం ఉంటుంది. గాంధీజీ ‘హరిజన్’ 1942 ఆగస్టులో ఆగిపోయి 1946లో తిరిగి వెలువడింది. సేకరణలో అటువంటి ఖాళీని ‘లభించలేదు’ అని నమోదు చేస్తే చరిత్ర తారుమారవుతుంది. ‘లభించనివి’, ‘వెలువడనివి’ అనే రెండు పట్టికలు వేర్వేరుగా ఉండాలి.

4. కాగితం - ప్రకటనలు

ఆనాడు దేశంలో పత్రికాకాగితం మిల్లు లేదు. నేపా మిల్లులో ఉత్పత్తి మొదలైంది 1955లోనే. రెండవ యుద్ధకాలంలో దిగుమతులు కుంగి, కాగితంపై నియంత్రణ వచ్చి, పత్రికలు పుటలు తగ్గించుకోవలసి వచ్చింది. అందుచేత పుటల సంఖ్య, వెల, అక్షరాల పరిమాణం, కాగితం నాణ్యత కూడా యుద్ధసమాచారమే. వార్తను కత్తిరించి అతికించిన పుస్తకంలో ఇవేవీ మిగలవు. బైండింగు వేళ ముఖచిత్రాలను, ప్రకటనల పుటలను తొలగించే అలవాటు కూడా ఇటువంటి నష్టాన్నే కలిగించింది. యుద్ధవార్త పక్కనే ఏ సరుకు అమ్మకానికి వచ్చిందో తెలిపేది ప్రకటన పుటే. అంకీకరణ కాలంలోనూ ఈ సమస్య తీరలేదు. మూలప్రతి కొలతలు, లోపించిన పుటల వివరాలు లేని ప్రతిబింబం పాఠాన్ని అందిస్తుందే గాని పత్రికను అందించదు.

5. సేకర్తల పాత్ర

ఈ విమర్శ సేకర్తల శ్రమను తక్కువ చేయదు. కలపగుజ్జుతో చేసిన పత్రికాకాగితం ఆమ్లగుణం వల్ల పసుపుబారి, పెళుసై, చేతిలోనే పొడి అవుతుంది. తూకానికి పోవలసిన కట్టలను కొని దాచినవారు లేకపోతే నేడు చర్చించడానికి సంచికలే మిగలవు. 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికలను వరుసగా భద్రపరచడం వల్లనే ఎన్నో పరిశోధనలు సాధ్యమయ్యాయి. వ్యక్తిగత సేకర్తలు కూడా ఆ మార్గాన్నే అనుసరించడం మేలు.

6. ముగింపు

ఒక్క ప్రసిద్ధ సంచికకు పెట్టే ధరతో ఏ గుర్తింపూ లేని నెలరోజుల సంచికలు దొరికితే, పరిశోధన దృష్టితో రెండవదే విలువైన సేకరణ. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు సేకర్తలతో కలిసి సంచికలవారీ సూచికలు తయారుచేయడం తక్షణ కర్తవ్యం. కాగితం శిథిలమయ్యాక ఆ పని చేయడానికి వీలుండదు.