ముందు ఎవరి మంచం దగ్గరికి?

భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ కప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిన కప్పు బోలుగా పలుకుతుంది. బోలుగా పలికిన చోట ముందు సపోర్టు పడాలి, మిగతా పనంతా ఆ తర్వాతే. వార్డులో డ్యూటీ ఎక్కిన స్టాఫ్ నర్సు మొదటి రౌండు కూడా ఇట్లాంటిదే. ఒక్కో మంచం దగ్గర రెండు మాటలు, ఒక నిదానమైన చూపు, మణికట్టు మీద వేళ్లు. ప్రమాదం ఎవరికి దగ్గర్లో ఉందో తేలాకే సూదులు, మందులు, డ్రెస్సింగులు.

ఈ విద్య మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్‌లోని సింగరేణి ఏరియా ఆసుపత్రి లాంటి చోట మరీ అవసరం. బొగ్గుబాయిల ఊళ్లలో ఒకే వార్డుకు రకరకాల మనుషులు వస్తారు. కప్పు కూలి కాలు విరిగినవాళ్లు, ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి ఆయాసపడేవాళ్లు, మే నెల ఎండలో ఓపెన్ కాస్టులో సొమ్మసిల్లినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, నిన్న ఆపరేషన్ అయినవాళ్లు. అందరి దగ్గరికీ ఒకేసారి వెళ్లడం ఎవరి వల్లా కాదు. అందుకే వరుసను సరిగ్గా పెట్టుకోవడం కూడా వైద్యమే.

ఈ ఆలోచన యుద్ధాల్లో పుట్టింది. నెపోలియన్ సైన్యంలో సర్జన్ డొమినిక్ లారే హోదాను పక్కనపెట్టి, గాయం ఎంత తీవ్రమో చూసి చికిత్స చేశాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో అచ్చయిన తన పుస్తకంలో రోగిని గమనించడాన్ని నర్సింగులో కీలకమైన పాఠంగా నిలబెట్టింది. నేటి నర్సింగ్ విద్యార్థి నేర్చుకునే క్రమం సూటిగానే ఉంటుంది: గాలి వెళ్లే దారి, ఊపిరి, రక్తప్రసరణ, ఆ తర్వాత స్పృహ. చెప్పుకోవడానికి తేలికే. చిక్కంతా నాలుగు మంచాలు ఒకేసారి పిలిచినప్పుడు వస్తుంది.

రాత్రి పదకొండు గంటలకు ఒక వార్డును ఊహించుకుందాం. మొదటి మంచం మీద సాయంత్రం కాలు విరిగి కట్టు వేయించుకున్న సపోర్ట్‌మన్, నొప్పితో కేకలు పెడుతున్నాడు. రెండో మంచం మీద ఎప్పటినుంచో ఆయాసమున్న పెద్దాయన, జ్వరంతో వచ్చి ఆక్సిజన్ మీద మగతగా పడుకున్నాడు. మూడో మంచం మీద షుగరు పేషెంటు, ఇన్సులిన్ వేశాక అన్నం తినలేదు, చెమటలు పడుతున్నాయి. నాలుగో మంచం మీద హెర్నియా ఆపరేషన్ అయిన మనిషి. సెలైన్ అయిపోయిందంటూ ఆయన బంధువు ఇప్పటికి మూడోసారి వచ్చాడు.

అనుభవమున్న సిస్టర్ ముందు పెద్దాయన దగ్గరికే వెళ్తుంది. ఆయన పడుకున్న తీరే ఆమెకు అనుమానం. నిమిషంపాటు ఊపిరి లెక్కపెడితే 28 వచ్చింది. పెద్దవాళ్లలో మామూలు లెక్క 12 నుంచి 20. బ్రిటన్‌లో 2012లో తెచ్చిన ముందస్తు హెచ్చరిక స్కోరు, 2017లో సవరించిన రూపంలో, ఊపిరి 25 లేదా అంతకు మించినా, స్పృహలో కొత్తగా తేడా వచ్చినా ఒక్కోదానికి మూడేసి మార్కులు వేస్తుంది. మొత్తం ఏడుకు చేరితే అది అత్యవసరం. ఈ రెంటితోనే ఆరు అయ్యాయి. ఆమె ఆయన్ను తట్టి లేపి, తల ఎత్తి కూర్చోబెట్టి, డాక్టర్‌ను పిలుస్తుంది.

అదే సమయంలో తోటి నర్సును మూడో మంచానికి పంపుతుంది. గ్లూకోమీటర్‌తో షుగరు చూడడం ఒక్క నిమిషం పని. 70 కంటే తక్కువుండి, మనిషి మింగగలిగితే పదిహేను గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పొచ్చు. ఏ పని తాను చేయాలి, ఏది మరొకరికి అప్పగించాలి అన్నది కూడా ఈ విద్యలో భాగమే.

తర్వాత కేకలు పెడుతున్న మనిషి. అరిచేవాళ్లకు ప్రాణాపాయం లేదనుకుంటే ఇక్కడ కాలే పోతుంది. నొప్పి మందు ఇచ్చినా తగ్గకుండా పెరుగుతుంటే, కాలివేళ్లను మెల్లగా వంచినా ప్రాణం పోయేట్టు ఉంటే, లోపల కండరాల చుట్టూ ఒత్తిడి పెరుగుతోందని అనుమానించాలి. పాదం దగ్గర నాడి దొరుకుతోంది కదా అని ఊరుకోకూడదు, అది చివరిదాకా దొరకొచ్చు. డాక్టర్‌కు వెంటనే చెప్పి బిగుతు కట్టు వదులు చేయించాలి, కాలు గుండె ఎత్తులోనే ఉంచాలి. కొన్ని గంటలు దాటితే కండరం చచ్చిపోతుంది. పెద్ద ఆపరేషన్‌కు హైదరాబాద్ పంపాలంటే 200 కిలోమీటర్లకు పైగా దారి. ఆ ప్రయాణాన్ని కూడా సిస్టర్ తన లెక్కలో వేసుకోవాలి.

ఇక సెలైన్ సీసా. అది ఆగగలదు. మార్చేటప్పుడు మాత్రం ఆపరేషన్ తర్వాత మూత్రం వచ్చిందా, కడుపు ఉబ్బిందా అని ఆమె అడిగి తెలుసుకుంటుంది.

గనుల ఊళ్లో మరో పాఠం ఉంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇద్దరి విషయంలో రెండు రకాలుగా తప్పుదారి పట్టించగలదు. ఎప్పటినుంచో ఆయాసమున్నవాళ్లలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పేరుకుని మగత కమ్ముతుంది. అందుకే వాళ్లకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం ఉంటే చాలంటారు. తెరమీద 99 కనిపించిందని సంబరపడకూడదు, అలాగని ఆక్సిజన్‌ను ఒక్కసారిగా తీసేయనూ కూడదు. గనిలో బొగ్గు తనంత తానే కాగి రగిలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది పీల్చి వచ్చినవాడికి మీటర్ మామూలు అంకెనే చూపిస్తుంది, ఎందుకంటే రక్తం పట్టుకున్నది ఆక్సిజనా, విషవాయువా అన్న తేడా దానికి తెలియదు. తలనొప్పి, వాంతి, తికమక ఉంటే అంకెను నమ్మకుండా ఆక్సిజన్ దండిగా ఇవ్వాలి. మనిషి ఎక్కడినుంచి వచ్చాడన్న ప్రశ్న మీటర్ కంటే ఎక్కువ చెబుతుంది.

కూలిన బండల కింద గంటలకొద్దీ నలిగి బయటపడినవాళ్లదీ ఇదే కథ. తీసుకొచ్చినప్పుడు చక్కగా మాట్లాడతారు. నలిగిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి చేరి గుండె లయ తప్పించగలదు, మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరగొచ్చు. బతికి బయటపడ్డాడని అందరూ ఊపిరి పీల్చుకున్న వేళ సిస్టర్ ఈసీజీ తీయించి, యూరిన్ బ్యాగు వైపు చూస్తుంది.

కనిపెట్టడం సగం పనే, డాక్టర్‌కు సరిగ్గా చేరవేయడం మిగతా సగం. "సార్, రెండో బెడ్డు పెద్దాయన మగతగా ఉన్నాడు" అంటే చాలదు. "పాత ఆయాసం పేషెంటు, జ్వరంతో చేరాడు. ఇప్పుడు ఊపిరి 28, గంట కిందట మాట్లాడిన మనిషి ఇప్పుడు పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నాడు. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని నా అనుమానం. మీరు వెంటనే రావాలి." ఎవరు, ఏం జరిగింది, నేనేం అనుకుంటున్నాను, మీరేం చేయాలి: ఈ నాలుగూ ఉంటేనే ఫోన్ అవతలి డాక్టర్ లేచి వస్తాడు.

వరుస రాసిపెట్టిన జాబితా కాదు. అరగంట కిందట ఆఖరున ఉన్నవాడు ఇప్పుడు మొదటికి రావచ్చు. ఆగమన్న మనిషి దగ్గరికి చెప్పిన వేళకు తిరిగి వెళ్లకపోతే అది నిర్లక్ష్యమే అవుతుంది. అందుకే నర్సుల సంఖ్య ముఖ్యం. మంచాలు పెరిగి చేతులు తగ్గితే, తిరిగి వెళ్లి చూడడమే ముందుగా ఆగిపోతుంది.

ఈ నైపుణ్యం రికార్డుల్లో కనపడదు. జరగని మరణానికి కేస్ షీటులో గడి లేదు. అందుకే సిస్టర్ మన మంచం దాటి పక్క మంచానికి వెళ్తే, మనవాణ్ణి పట్టించుకోలేదని కోపం వస్తుంది. పక్కన కూర్చున్న ఇంటివాళ్లు ఆమెకు సాయపడగలరు. మనిషి కొత్తగా మగతగా అయినా, మాట తడబడినా, ఊపిరి వేగం పెరిగినా, నొప్పి మందుకు లొంగకపోయినా, చాలాసేపు మూత్రం రాకపోయినా ఆ మాట వెంటనే ఆమెకు చెప్పండి. సెలైన్ సీసా సంగతి తర్వాత చెప్పినా పర్వాలేదు.