రెండో దెబ్బ

పవర్ ప్రెస్‌లో రేకును వంచే బలం ఫ్లైవీలుది. మోటారు దాన్ని ఆగకుండా తిప్పుతూ ఉంటుంది. పెడల్ తొక్కగానే క్లచ్ దాన్ని క్రాంక్‌షాఫ్టుకు కలుపుతుంది, రామ్ అనే దిమ్మె డై అనే అచ్చు మీదికి దిగి మళ్లీ పైకి పోతుంది. బాలానగర్ నుంచి ఫరీదాబాద్ దాకా చిన్న షెడ్లలో వాడే పాతరకం ప్రెస్సుల్లో క్లచ్ ఒకసారి పట్టిందంటే రామ్‌ను మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. చుట్టు పూర్తి కావాల్సిందే.

వేళ్లు పోయేది ఆ చుట్టులోనే. ఎడమచెయ్యి రేకు పెడుతుంది, కాలు తొక్కుతుంది, కుడిచెయ్యి తయారైన ముక్కను తీస్తుంది. షిఫ్టు చివరికి, ముక్కకింత అని కూలి కట్టే చోట మరీనూ, కాలు చేతికన్నా ముందు కదులుతుంది. డైకి అతుక్కున్న ముక్కను గోటితో లేపబోయినప్పుడు సరేసరి. అన్నిటికన్నా దారుణం డబుల్ స్ట్రోక్: పెడల్ మీద కాలు లేకుండానే రామ్ రెండోసారి పడుతుంది. క్లచ్ తాళం అరిగినా, స్ప్రింగు విరిగినా, బ్రేకు వదులైనా అంతే. దీన్ని కూడా ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని రాసేస్తే, మరమ్మతు చేయించని వాడి పేరు కాగితం మీదికే రాదు.

డై చుట్టూ గార్డు బిగిస్తే రేకు దూరేంత సందే తప్ప వేలు దూరే చోటుండదు. ఖర్చూ తక్కువే. కానీ డై మార్చేటప్పుడు ఊడదీసిన గార్డు, పని నెమ్మదిస్తుందని, మూలకు చేరుతుంది. లైట్ కర్టెన్ చెయ్యి అడ్డురాగానే ప్రెస్‌ను ఆపమంటుంది. మధ్యలో ఆగలేని ప్రెస్‌కు దాన్ని తగిలిస్తే అలంకారమే.

గ్లౌజులూ అన్నిచోట్లా రక్ష కావు. రేకు అంచులు పట్టుకోవడానికి కావాలి. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర మాత్రం, తిరిగే బిట్టుకు గ్లౌజు చిక్కిందంటే చేతినీ లాగేస్తుంది.

ప్రమాదకరమైన భాగాలకు గట్టి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పేది. కరెంటుతో నడిచే షెడ్డు ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి ఆ చట్టంలో 10 మంది కార్మికులు సరిపోయేవారు. దాని స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ హద్దును 20కి పెంచింది. ప్రెస్సులు ఎక్కువగా ఉండేదేమో చిన్న షెడ్లలో.

పరిహారం లెక్క 2025 దాకా 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం షెడ్యూలులో ఉండేది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు మొత్తం పోతే 14. కుడిచేతిదైనా ఎడమచేతిదైనా అంతే.