సూసన్ లీ స్టారుగారి సీమావస్తువాదము – విమర్శనము

కృత్రిమ మేధను గుఱించి సమాజశాస్త్రజ్ఞులు వ్రాసిన వ్యాసములు పెక్కులు కలవు. అందు తఱుచైనవి యంత్రనిర్మాతలను దూరమున నిలిచి మందలించునవియే. వారి పనిలో పాలుపంచుకొని, ‘మీ కట్టడమునకు ఈ రాయి పనికివచ్చును’ అని చేతికందించినవి అరుదు. అట్టి అరుదైన వానిలో నొకటి సూసన్ లీ స్టారుగారి “కుదురులేని పరిష్కారముల కూర్పు” అను వ్యాసము. ఇది 1989లో లెస్ గాసర్, మైకేల్ హూన్స్ గారల సంపాదకత్వమున వెలువడిన ‘విభక్త కృత్రిమ మేధ’ రెండవ సంపుటమున ప్రకటింపబడినది. అదే సంవత్సరమున జేమ్స్ గ్రీసెమరుగారితో కలిసి ఆమె బర్క్లీలోని మ్యూజియమును గుఱించి వేఱొక వ్యాసమును వ్రాసిరి. “బౌండరీ ఆబ్జెక్టు” అను భావము రెండింటియందును ప్రతిపాదింపబడినది. తెలుగున దానిని సీమావస్తువనవచ్చును. మ్యూజియపు వ్యాసము లోకప్రసిద్ధమయ్యెను. మొదట చెప్పినది ఎవరికొఱకు వ్రాయబడెనో ఆ యంత్రనిర్మాతలు మాత్రము పేరును గ్రహించి వాదమును విడిచిరి. ఈ విమర్శనము ఆ విడిచిన భాగమును గుఱించియే.

వాదము పుట్టిన సందర్భము తెలిసినగాని దాని విలువ తెలియదు. 1973లో కార్ల్ హ్యూయిట్, పీటర్ బిషప్, రిచర్డ్ స్టైగర్ గారలు “యాక్టరు” అను గణనపద్ధతిని ప్రతిపాదించిరి. యాక్టరనగా తన పని తాను చేసికొను చిన్న గణకము. అది మఱియొకదాని జ్ఞాపకమును తాకజాలదు. వచ్చిన సందేశము నందుకొనును. తాను సందేశములను పంపును. అవసరమైనచో క్రొత్త యాక్టరులను పుట్టించును. రాబోవు సందేశమునకు ఎట్లు బదులు పలుకవలయునో నిశ్చయించుకొనును. అన్నింటిపై పెత్తనము చేయునది లేదు, అన్నింటికిని ఒకటే గడియారము లేదు. ఇట్టి సమూహమున రెండుచోట్ల రెండు విరుద్ధవిషయములు సత్యములుగా నిలిచియున్నచో తీర్పు చెప్పువా రెవరు? 1986లో హ్యూయిట్ గారు “కార్యాలయములు అనావృత వ్యవస్థలు” అను వ్యాసమున ఈ చిక్కును తర్కశాస్త్ర మొక్కటియే విప్పజాలదని ఒప్పుకొని, ఇరుపక్షముల సాక్ష్యమును విని తేల్చు విచారణపద్ధతి కావలయునని వ్రాసిరి. యంత్రనిర్మాత సమాజశాస్త్రపు గడప త్రొక్కినది ఇచ్చటనే. స్టారుగారు ఆ గడపకు లోపలివైపున నున్నవారు. ఆన్సెల్మ్ స్ట్రాస్ గారి శిష్యురాలు. పరస్పరము ఏకీభవింపని శాస్త్రజ్ఞులు కలిసి ఎట్లు పనిచేయుదురో పరిశీలించుట ఆమె వృత్తి.

ఆమె వాదమున మొదటి మెట్టు ఉపమానమును మార్చుట. 1950లో ఆలన్ ట్యూరింగ్ గారు ప్రతిపాదించిన పరీక్షయందు యంత్రము సంభాషణలో మనుష్యుడని నమ్మింపగలదా యని చూతురు. అందు పరీక్షింపబడునది ఏకాకియైన బుద్ధి. పెక్కు గణకములు, పెక్కుజనులు చేరిన వ్యవస్థకు ఆ కొలత చాలదని స్టారుగారి యాక్షేపణ. దానికి మాఱుగా “దుర్ఖైము పరీక్ష” నామె ప్రతిపాదించిరి: వ్యవస్థ ఒక జనసముదాయపు ప్రయోజనములను నెఱవేర్పగలదా, వా రది తమదిగా స్వీకరింతురా, వాడుకలో సవరించుకొందురా యని చూడవలెను. సమాజము వ్యక్తుల మొత్తముకంటె వేఱైన వస్తువని చెప్పిన ఎమీల్ దుర్ఖైము (1858–1917) పేరు ఇందులకు తగినదే. అయినను పేరు పెట్టుటలో నొక చిక్కు కలదు. దుర్ఖైముగారి సమాజము జనుల ఉమ్మడి విశ్వాసములచే నిలుచునది. స్టారుగారి సమాజమున ఉమ్మడి విశ్వాసము లేకయే పని సాగును. వ్యాసమునకు పేరు ఫ్రాన్సునుండి వచ్చినది. ప్రాణము మాత్రము స్ట్రాస్ గారి గురుపరంపరయగు షికాగోనుండి వచ్చినది. చదువరి ఈ భేదమును గమనింపనిచో ముందు వచ్చు సీమావస్తువును ఐకమత్యసాధనమని పొరబడును. పెక్కురు అట్లే పొరబడిరి.

సీమావస్తువునకు ఆమె చెప్పిన లక్షణ మిది: భిన్నదృష్టులుగలవారు తమ తమ అవసరములకు తగినట్లు వంచుకొనుటకు వీలై, చేతులు మాఱినను తన గుర్తును కోల్పోనిది. లక్ష్యము బర్క్లీలోని వెన్నెముకగల జంతువుల మ్యూజియము. దీనిని 1908లో ఆనీ అలెగ్జాండరుగారు తమ ధనముతో నెలకొల్పిరి. జోసెఫ్ గ్రిన్నెల్ గారు నాటినుండి 1939లో తాము మరణించువఱకు అధ్యక్షులుగా నుండిరి. అలెగ్జాండరుగారికి కాలిఫోర్నియాలో నశించిపోవుచున్న జంతుజాలమును భద్రపఱుపవలెనను కోరిక. గ్రిన్నెల్ గారికి పరిసరముల మార్పు జాతుల పరిణామమునకు హేతువను సిద్ధాంతమునకు సాక్ష్యము కావలెను. విశ్వవిద్యాలయమునకు కీర్తి కావలెను. బోనులు పన్ను వేటగానికి రొక్కము కావలెను. వీరిని ఒకచోట కూర్చుండబెట్టి ‘జంతువనగా నేమి’ యని అడిగినచో ఒకే ప్రత్యుత్తరము రాదు. అయినను మ్యూజియము నడచెను. రాష్ట్రపటమునే చూడుడు. సరదాగా సేకరించువారి పటమున త్రోవలు, మజిలీలు, జంతువులు దొరకు తావులు ఉండును. జీవశాస్త్రజ్ఞుని పటమున ఎత్తును వాతావరణమును బట్టి రంగులు వేసిన జీవమండలములు ఉండును. వెలిగీత రెంటికి నొక్కటే. ఆ గీత ఒక్కటియగుటచేతనే ఒకరి సేకరణ మఱియొకరి శాస్త్రమున చేరగలిగెను.

తెలుగు చదువరికి ఇచట ద్వ్యర్థికావ్యము తోపకపోదు. పింగళి సూరన రాఘవపాండవీయమున నొకే పద్యము రామకథయు భారతకథయు నగును. పోలిక మనోహరమే గాని కడవఱకు పోదు. ద్వ్యర్థికావ్యమున రెండర్థములను ఎఱిగినవాడు కవి. ఆ రెంటిని ముందుగానే కూర్చినవాడును ఆతడే. సీమావస్తువునకు అట్టి కవి లేడు. ఒక పాఠకునికి తెలిసిన అర్థము వేఱొకనికి తెలియనక్కఱలేదు. ఆ తెలియకపోవుటవలన పని చెడకుండుటయే స్టారుగారు కనుగొన్న వింత. ఆమె వ్యాసమునకు గల నిజమైన ఘనత యిది.

ఇక దోషము. సీమావస్తువులు నాలుగు విధములని ఆమె విభజించిరి: మ్యూజియమువంటి భాండారములు, జాతిచిత్రమువంటి ఆదర్శరూపములు, వెలిగీత మాత్రము సమానమైన ప్రదేశములు, అచ్చుఫారములు. మొదటి మూడింటికి లక్షణము చక్కగా పట్టును. నాలుగవదానికి పట్టునా? వేటగాడు తెచ్చిన జంతువు ఎచ్చట, ఏ దినమున, ఎట్టి పరిసరమున దొరకినదో ఆ వివరము లేనిదే గ్రిన్నెల్ గారికి కొఱగాదు. అందులకై ఆయన టిప్పణములు వ్రాయు పద్ధతిని నిర్ణయించి అందఱిచేత ఆచరింపజేసిరి. ఆ పద్ధతి వంగునది కాదు; మనుష్యులను వంచునది. వేటగానికి తెలిసిన దానిలో ఫారము అడిగినంతయే మ్యూజియమున చేరును, అడుగనిది ఆతనితోనే పోవును. గ్రీసెమరుగారితో వ్రాసిన వ్యాసమున పద్ధతులను ఏకరూపముచేయుట ఒక ఉపాయమనియు సీమావస్తువులు వేఱొక ఉపాయమనియు చెప్పబడినది. అచ్చటనే ఫారములు సీమావస్తువులలోను లెక్కింపబడినవి. తార్కికులు దీనిని అతివ్యాప్తి యందురు. ఈ అతివ్యాప్తి వలన కలిగిన నష్టము స్వల్పము కాదు. ఒప్పుదలవలన ఏర్పడినదియు ఆజ్ఞవలన ఏర్పడినదియు ఒకే పేర పిలువబడినచో, వ్యవస్థలో పెత్తనము ఎవరిదను ప్రశ్నయే మాయమగును.

ఫారములు వ్యర్థములని దీని భావము కాదు. గ్రిన్నెల్ గారి టిప్పణములను ఆధారముగా గొని ఇదే మ్యూజియమువారు 2003 మొదలు ఆ పూర్వస్థలములనే తిరిగి శోధించిరి. యోసెమిటీ ప్రాంతమున పరిశీలించిన 28 చిన్న క్షీరదజాతులలో సుమారు సగము తమ నివాసపుటెల్లలను సగటున 500 మీటర్లు పైకి జరుపుకొన్నవని 2008లో ప్రకటించిరి. కఠినమైన పద్ధతి లేనిచో ఈ పోలికకు అవకాశమే లేదు. కాని యిది ఏకరూపతకు కలిగిన జయము. వంగుటకు కలిగినది కాదు.

సీమావస్తువు విభక్త కృత్రిమ మేధకు తగిన దత్తాంశనిర్మాణము కాగలదని స్టారుగారు సూచించిరి. ఇది వ్యాసమున కెల్ల సాహసోక్తి. యంత్రనిర్మాతల శాస్త్రమున “ఏకాభిప్రాయము” పారిభాషికపదము: గణకములన్నియు ఒకే విలువను నిశ్చయించుకొనుట. సందేశము ఎంత ఆలస్యమగునో హద్దులేని చోట, ఒక్క గణకము నిలిచిపోవుటకు వీలున్నను, ఏ నియతపద్ధతియు దీనిని తప్పక సాధింపజాలదని 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ గారలు నిరూపించిరి. అది మొదలు ఆ శాస్త్రపు శ్రమలో పెద్దభాగము ఈ అసాధ్యమును ఓర్పుతో చుట్టిపోవుటయే. 2011లో మార్క్ షాపిరోగారును వారి సహచరులును విశదపఱచిన ప్రతిరూప దత్తాంశములలో సవరణలు ముందుగా సంప్రదింపు లేకయే సాగును. స్టారుగారి కోరిక ఇచట నెఱవేరినదని తొందరపాటున అనవచ్చును. నెఱవేరలేదు. అందును ప్రతులన్నియు తుదకు ఒకే విలువకు చేరుటయే గుఱి. స్టారుగారు కోరినది తుదకును కలియనక్కఱలేని అర్థములను. వేటగాని పటము ఎన్నటికిని జీవశాస్త్రజ్ఞుని పటము కాదు, కావలసిన పనియు లేదు. అయినచో గణకమున ఆ రెండును ఒకే వస్తువని గుర్తించునది ఏది? వెలిగీత పాత్రను వహించునది ఏది? ఈ ప్రశ్నకు వ్యాసమున ప్రత్యుత్తరము లేదు. దత్తాంశనిర్మాణమని పేరుపెట్టినంత మాత్రాన నిర్మాణము కాదు. నిర్మాతలు ఈ రాయిని ఎత్తకపోవుటకు ఇదియు నొక కారణమై యుండవచ్చును.

తాము ప్రతిపాదించిన పరీక్షకు స్టారుగారు తామే సాక్షులైరి. సీ. ఎలెగాన్స్ అను మిల్లీమీటరు పొడవుగల పురుగుపై పరిశోధించు జన్యుశాస్త్రజ్ఞులకై నిర్మింపబడిన ‘వర్మ్ కమ్యూనిటీ సిస్టమ్’ అను వ్యవస్థను కేరెన్ రూలెడరుగారితో కలిసి పరిశీలించి 1996లో ప్రకటించిరి. ఈ నిర్మాతలు ఉపయోక్తలను తిరస్కరించినవారు కారు. వారిని అడిగి, వారికి చూపి, సవరించి నిర్మించినవారు. ఉపయోక్తలు మెచ్చుకొనిరి, మెచ్చుకొని, వాడక విడిచిరి. యూనిక్సు యంత్రము కావలె. ప్రయోగశాలలో నున్నది మెకింటాషు. నేర్పువారు దగ్గఱ లేరు. ప్రకటింపని ఫలితమును పదుగురిలో పెట్టినచో పోటీదారు తన్నుకొనిపోవునను భయము వేఱొకటి. ఇంతలో గోఫరు, వెబ్బు వచ్చెను. జనులు అటు పోయిరి. ట్యూరింగ్ గారి పరీక్ష ఇట్టి అపజయమును చూడనైనను చూడజాలదు. దుర్ఖైము పరీక్ష చూచినది. స్టారుగారి రచనలలో యంత్రనిర్మాతకు అన్నింటికంటె ఉపయోగకరమైనది ఈ పరిశీలనమే. పురుగుల శాస్త్రమని జడిసి దీనిని దాటిపోవువారు నష్టపోవుదురు.

2010 మార్చిలో స్టారుగారు మరణించిరి. ఆ యేటనే “ఇది సీమావస్తువు కాదు” అను వ్యాసము వెలువడెను. తమ భావమునుండి లోకులు ‘ఒక వస్తువునకు పలు అర్థములు’ అను అంశము మాత్రము గ్రహించి, దానిని నిలుపు పనికట్టుబాటును విడిచిరని అందు ఆమె యాక్షేపించిరి. అంతకంటె ముఖ్యమైన మాట వేఱొకటి కలదు: పరిపాలకులు సీమావస్తువును బిగించి ప్రమాణముగా మార్చగోరుదురు, ఆ ప్రమాణమున ఇముడక వెలుపల మిగిలినవారు తమకై క్రొత్త సీమావస్తువులను పుట్టింతురు. 1989 నాటి వ్యాసమున అచ్చుఫారముచెంత కలిగిన కొఱత ఇరువదియొక్క యేండ్లకు ఇచ్చట పూడినది. ఇకమీద మొదటి వ్యాసమును సంకలనములలో చేర్చువారు దానివెంట దీనినిగూడ ముద్రించుట అవసరము.